ప్లాస్టర్ చుట్టిన బ్యాటరీలు

పొద్దున్నే నడకకు వెళ్ళి వచ్చిన నర్సమ్మ చెప్పులు గుమ్మం పక్కన విడిచి, మొహమైనా కడుక్కోకుండా నేరుగా తన మంచం దగ్గరికి వెళ్ళింది. దిండు పక్కనున్న రేడియోను తిరగేసి, వెనక మూత తడిమి చూసింది. మూత పెట్టే ఉంది. కానీ పెట్టిన తీరు ఆమెకు నచ్చలేదు. తను నొక్కి మూస్తే కీచుమని కూర్చుంటుంది. ఇది ఒకవైపు కొద్దిగా లేచి ఉంది.

ముప్పై ఏళ్ళు ఆసుపత్రి వార్డులో చేసిన మనిషి. అసలు పేరు కూతురికైనా గుర్తుందో లేదోనన్నంతగా 'నర్సమ్మ' అన్న పిలుపు ఆమెకు అతుక్కుపోయింది. వార్డులో ఒకరు డ్యూటీ దిగి ఇంకొకరు ఎక్కేలోపు కత్తెరలకు కాళ్ళొస్తాయి, థర్మామీటర్లకు రెక్కలొస్తాయి. అందుకని తన సామానుకల్లా తెల్ల ప్లాస్టర్ ముక్క ఒకటి చుట్టి ఉంచడం ఆమెకు అలవాటైపోయింది. ఉద్యోగం నుంచి రిటైరైనా, భర్త పోయాక కూతురింటికి వచ్చి చేరినా ఆ అలవాటు మాత్రం ఆమెతోనే వచ్చింది. దువ్వెనకు ప్లాస్టర్, కళ్ళజోడు డబ్బాకు ప్లాస్టర్, మంచినీళ్ళ గ్లాసుకు ప్లాస్టర్. రేడియోలో వేసే రెండు బ్యాటరీలకైతే కట్టు కట్టినట్టు చుట్టూరా ప్లాస్టరే. "అత్తయ్యగారూ, పాపం వీటికేం దెబ్బ తగిలింది?" అని అల్లుడు ఒకసారి నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మూత తీసి బ్యాటరీలు అరచేతిలో వేసుకుంది. ప్లాస్టర్ ఉంది. కానీ ఆమె ఎప్పుడూ ప్లాస్టర్ కొసను లోపలికి మడిచి అంటిస్తుంది, తర్వాత విప్పాలంటే గోటికి దొరకాలని. ఈ కొసకు మడత లేదు. మెల్లగా ఒలిచి చూసింది. ఆమె బ్యాటరీలు ఎర్రవి. లోపల ఉన్నవి ఆకుపచ్చవి.

ఆకుపచ్చవి ఎవరివో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అల్లుడు డ్రైవింగ్ స్కూల్లో బండి నేర్పుతాడు. ఇంట్లో టార్చికీ గడియారానికీ మాటిమాటికీ బ్యాటరీలు కొనలేక ఒక చార్జర్, దానితోపాటు మళ్ళీ మళ్ళీ చార్జ్ చేసుకునే ఆకుపచ్చ బ్యాటరీలు తెచ్చి ఇంట్లో పడేశాడు. ఆ చార్జర్‌కు మేనేజరు అతని తల్లి, అంటే నర్సమ్మకు వియ్యపురాలు. ఒకప్పుడు బట్టలు కుట్టే దుకాణం నడిపిన మనిషి కాబట్టి కుట్టుమిషను ఇప్పటికీ గదిలోనే పెట్టుకుంది. మిషను బల్ల మీద చార్జర్, దుమ్ము పడకుండా దాని మీద పూలు కుట్టిన గుడ్డ, మిషను సొరుగులో బ్యాటరీల డబ్బా. గది ఒకటే, మంచాలు రెండు. ఒకటి ఆవిడది, ఇంకొకటి నర్సమ్మది.

వచ్చిన కొత్తలో ఆవిడే అంది: "వదినగారూ, మీ రేడియోలో ఈ పచ్చవి వేసుకోండి. అయిపోతే మళ్ళీ చార్జింగ్ పెట్టుకోవచ్చు."

"వద్దండీ. నావి నాకున్నాయి," అంది నర్సమ్మ.

కూతురి ఇంట్లో ఉండాల్సి వచ్చింది, సరే. కానీ ఇంట్లోవాళ్ళ వస్తువు చీపురుపుల్ల కూడా ముట్టకూడదని ఆమె వచ్చిన రోజే ఒట్టు పెట్టుకుంది. బ్యాటరీలు నీరసించినప్పుడు కిటికీ గట్టు మీద ఎండలో పెట్టేది. భర్త నేర్పిన చిట్కా అది. ఎండకు కాస్త కాగితే అవి ఇంకో పూట లేచి కూర్చునేవి. ఆ రేడియో కూడా ఆయనదే. ఆమె రాత్రి డ్యూటీ దిగి ఇంటికి చేరేసరికి ఆయన దాన్ని మోగిస్తూ కూర్చునేవాడు. ఇప్పుడు ఆయన లేడు. రేడియో మోగుతుంటే మాత్రం, పక్క గదిలో ఆయన ఉన్నాడనిపించేది. మోగకపోతే లేడన్న సంగతి కొత్తగా తెలిసొచ్చేది.

మరి ఆ పచ్చ బ్యాటరీలు ఆమె ప్లాస్టర్ కప్పుకుని ఆమె రేడియోలోకి ఎలా వచ్చాయి?

నర్సమ్మకు వార్డు గుర్తొచ్చింది. ఒకసారి వార్డు కత్తెర పోయిందని అందరి సంచులూ వెతికారు. అది ఆమె సంచిలో దొరికింది. ఎవరో కావాలని పెట్టారు. ఎవరో తర్వాత తేలింది గానీ, సంచిలోంచి కత్తెర తీసినప్పుడు పెద్ద నర్సు చూసిన చూపు ఆమె ఈ రోజుకీ మర్చిపోలేదు. ఇదీ అదే వరస. రేపు ఎప్పుడో 'మా పచ్చ బ్యాటరీలు ఏమయ్యాయిరా' అని ఆవిడ కొడుకును పిలుస్తుంది. వెతికితే దొంగసొత్తు ఇక్కడ, దాని మీద ప్లాస్టర్ ముసుగు. అల్లుడి ముందు తల ఎక్కడ పెట్టుకోవాలి?

వియ్యపురాలు స్నానానికి వెళ్ళింది చూసి నర్సమ్మ మిషను సొరుగు లాగింది. డబ్బా పక్కన దారపు ఉండల మధ్య తన ఎర్ర బ్యాటరీలు రెండూ ఒళ్ళు విప్పుకుని పడున్నాయి. సాక్ష్యం దాచి పెట్టుకుంది, మహాతల్లి! పచ్చవాటిని డబ్బాలో పడేసి, తనవి తీసుకుని, కొత్త ప్లాస్టర్ చుట్టి, కొస మడిచి, కిటికీ గట్టు మీద ఎండలో పెట్టింది.

వంటింట్లో కూతురు అన్నం డబ్బా కట్టుకుంటోంది. మందుల షాపులో కౌంటర్ దగ్గర పని. నిలబడి నిలబడి సాయంత్రానికి కాళ్ళు వాస్తాయి.

"మీ అత్తగారు నా సామాను ముడుతోందే," అంది నర్సమ్మ గొంతు తగ్గించి.

"అమ్మా, పొద్దున్నే మొదలుపెట్టకు. మొన్న గ్లాసు జరిపిందన్నావు. అంతకుముందు దిండు తిప్పిందన్నావు. ఆవిడకి నీ దిండుతో ఏం పని చెప్పు?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. ఏం పనో."

"ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నానమ్మా." కూతురు డబ్బా మూత గట్టిగా నొక్కింది. "ఆవిడ నిన్ను ఒక్క మాట అన్నదా ఇన్నాళ్ళలో? చెప్పు."

అనలేదు. అదే నర్సమ్మ అనుమానం. నోరు తెరిస్తే కొడుకును కూడా వదలని మనిషి, తనను ఒక్క మాట అనకుండా ఎందుకు ఊరుకుంటోంది? ఏదో మనసులో పెట్టుకోకపోతే?

సాయంత్రం ఎండకు కాగిన బ్యాటరీలు వేసి రేడియో తిప్పింది. పాట సగంలో గొంతు బొంగురుపోయి, సణిగి, మూగబోయింది. నర్సమ్మ మీట కట్టేసి గోడ వైపు తిరిగి కూర్చుంది. వెనక మిషను చప్పుడు కూడా ఆగిపోయింది. వియ్యపురాలు తన వీపు వైపే చూస్తోందని తిరగకుండానే తెలిసింది. చూడనీ. డబ్బాలో పచ్చవి తిరిగి వచ్చేశాయని కనిపెట్టి ఉంటుంది. ఎత్తు పారలేదని లోపల ఉడుకుతూ ఉంటుంది.

"పాట ఆగిపోయిందేం వదినగారూ?"

"నాకే విసుగేసి ఆపేశానండీ."

ఆవిడ కుడుతున్న గుడ్డ మడిచి సొరుగులో పెట్టింది.

మర్నాడు అందరికీ సెలవు. నర్సమ్మ డాబా మీద బట్టలు ఆరేస్తోంది. కింద నుంచి 'టప్'మని ఒక చప్పుడు, ఆ వెంటనే అల్లుడి కేక వినిపించాయి. చేతిలో తడి టవల్ అలాగే పట్టుకుని మెట్లు దిగి గదిలోకి వచ్చింది. ఘాటైన వాసన ముక్కుపుటాలను పట్టేసింది. అల్లుడు చార్జర్ ప్లగ్గు గోడ నుంచి పీకి దూరంగా నెడుతున్నాడు. పూల గుడ్డ మధ్యలో కమిలి నల్లబడి ఉంది. మిషను బల్ల మీద రెండు బ్యాటరీలు, ఒకటి పొట్ట పగిలి, తెల్లగా నురగలాంటిది కక్కి పడుంది. వియ్యపురాలు గోడకు ఆనుకుని, కుడి చెయ్యి వెనక పెట్టుకుని నిలబడి ఉంది. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

అల్లుడు ఒక పుల్లతో ఆ బ్యాటరీని తిప్పి చూశాడు. ఎర్రది. దాని ఒంటి మీద ఇంకా తెల్లటి జిగురు, పీకితే చిరిగిన ప్లాస్టర్ పీలిక ఒకటి.

"అత్తయ్యగారూ," అన్నాడు. గొంతు పెంచకూడదని ఆపుకుంటున్నట్టు తెలుస్తోంది. "ఇవి మీవే కదండీ?"

"నావే బాబూ. కానీ..."

"ఇవి చార్జ్ చేసే రకం కాదండీ. వాడి పారెయ్యాల్సినవి. చార్జర్‌లో పెడితే లోపల వేడెక్కిపోయి, మందు కక్కి, ఇదిగో ఇలా పగులుతాయి. పైగా దాని మీద గుడ్డ! వేడి పోయే దారేది? మనం ఇంట్లో ఉన్నాం కాబట్టి సరిపోయింది. అందరం బయటికెళ్ళి ఉంటే? గుడ్డ అంటుకుని, పక్కన బట్టలంటుకుని..." చేతిలో పుల్లను బల్ల మీద పడేశాడు. "నాకు చెప్తే మీకు పచ్చవి ఇచ్చేవాణ్ణి కదా."

"నేను పెట్టలేదు."

అల్లుడు భార్య వైపు చూశాడు.

"మరి ఎవరు పెట్టారమ్మా?" అంది కూతురు మెల్లగా. "నీ బ్యాటరీలు వాటంతట అవి నడిచొచ్చి చార్జర్‌లో కూర్చుంటాయా? తెలియక పెట్టానని చెప్పు. ఎవరేమంటారు? అబద్ధం ఎందుకు?"

పెద్ద నర్సు చూపు ఇప్పుడు కూతురి కళ్ళలో ఉంది. బయటివాళ్ళు దొంగ అన్నప్పుడు తట్టుకుంది. కడుపున పుట్టిన పిల్లే అబద్ధాలకోరువి అంటే తట్టుకోవడం ఎలాగో నర్సమ్మకు తెలియలేదు.

"నన్నడుగుతావేం? మీ అత్తగారిని అడుగు!" అంది, ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా ఒక్కసారి పొంగి వస్తుంటే. "నా రేడియోలో నావి తీసి పచ్చవి పెట్టి, మీద నా ప్లాస్టరే అంటించింది ఎవరో అడుగు. నన్ను దొంగను చెయ్యాలని చూసింది. అది కుదరకపోయేసరికి ఇల్లు తగలబెట్టేదాన్ని చేసింది. ఎందుకండీ ఇంత నాటకం? మీ గదిలో నేనుండటం ఇష్టం లేదని మొహం మీద చెబితే పోయేది కదా!"

"అత్తయ్యగారూ, అమ్మ అలాంటిది..." అల్లుడు మాట పూర్తి చెయ్యలేదు. తల్లి వైపు చూశాడు. వియ్యపురాలు తల దించుకుంది.

ఆ తల దించుకోవడమే చాలనుకుంది నర్సమ్మ. మంచం కింద నుంచి పెట్టె లాగి మూత తెరిచింది. "నాతో పనిచేసిన ఆవిడ ఒక్కతే ఉంటోంది. ఎన్నిసార్లో రమ్మంది. వెళ్ళి ఆవిడతో ఉంటాను. ఇక్కడ ఇంకో పూట ఉండను." దువ్వెన, కళ్ళజోడు డబ్బా, గ్లాసు. ప్లాస్టర్ ఉన్నదల్లా పెట్టెలోకి వెళ్ళింది. కూతురు 'అమ్మా, అమ్మా' అంటూ చెయ్యి పట్టుకోబోతే విదిలించేసింది. రేడియో తీసి పెట్టబోతుంటే ఇంకో చెయ్యి వచ్చి దాన్ని పట్టుకుంది.

"ఆగండి వదినగారూ," అంది వియ్యపురాలు.

"వదలండి."

వదల్లేదు. పట్టుకుంది ఎడమ చేత్తో. అప్పుడు నర్సమ్మ కళ్ళు ఆ చేతి మీద నిలిచిపోయాయి. సూదిలో దారం ఎక్కించినా, తిట్టడానికి వేలు చూపించినా అన్నిటికీ కుడి చెయ్యే వాడే మనిషి. కుడి చెయ్యి ఇంకా వెనకే ఉంది. ఇందాకటి నుంచీ బయటికి రాలేదు.

"ఆ చెయ్యి ఏది?"

"ఏం లేదు."

"చూపించండి."

"ఏం లేదన్నాగా..."

"చూపించమన్నానా!" ఆ గొంతు కూతురింట్లో సర్దుకుని బతికే తల్లిది కాదు, వార్డులో పేషెంటును గదమాయించే నర్సుది. ఆవిడ పిల్లలా చెయ్యి ముందుకు చాపింది. బొటనవేలు, చూపుడువేలు ఎర్రగా కమిలి, చివర్లు తెల్లగా, సబ్బు పూసినట్టు జారుతున్నాయి. బ్యాటరీ కక్కిన మందు ఇంకా వేళ్ళ మీదే ఉంది.

"పగిలినదాన్ని ఉత్త చేత్తో తీశారా?"

"గుడ్డ కమురు వాసనొచ్చింది. వాడు లేచి వచ్చేలోపే లాగేశాను."

ఇంకో మాట లేదు. పెట్టె అలాగే నోరు తెరుచుకుని ఉండిపోయింది. నర్సమ్మ ఆవిడ మణికట్టు పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి కుళాయి తిప్పి, ధారగా పడే నీళ్ళ కింద ఆ వేళ్ళు పెట్టింది. ఆవిడ 'అబ్బా' అని వెనక్కి లాక్కోబోయింది.

"కదలకండి. ఆ జారుడు పోయాక కూడా ఇంకా చాలాసేపు కడగాలి. తుడిచేస్తే పోయేది కాదు ఇది, చర్మాన్ని తింటూనే ఉంటుంది. అంతసేపు నోరు మూసుకుని నిలబడతారా ఎవరైనా?"

"నిలబడక ఏం చెయ్యను? నేను చేసిన పనికి మీరు మాట పడుతుంటే సిగ్గుతో నోరు పెగల్లేదు."

నీళ్ళు పడుతూనే ఉన్నాయి. గుమ్మం దగ్గర కూతురూ అల్లుడూ నిలబడిపోయారు.

"నేనే పెట్టాను," అంది వియ్యపురాలు, కుళాయి వైపే చూస్తూ. "మొదట మీ రేడియోలో పచ్చవి పెట్టిందీ నేనే. అడిగితే మీరు తీసుకోరు. మీ ఎర్రవాటికి ఎండ తగిలించి, అది మోగకపోతే గోడ వైపు తిరిగి కూర్చుంటారు. ఆ వీపు చూస్తూ నేను మిషను ఎలా తొక్కనండీ? మావారు పోయినప్పుడు నేనూ అలాగే కూర్చున్నాను. నాకు రేడియో అయినా లేదు. అందుకని చాటుగా మార్చి, మీకు తెలియకూడదని మీ ప్లాస్టరే ఒలిచి అంటించాను. కుట్టుపని చేసినదాన్ని, అతుకు కనపడదనుకున్నాను."

"కొస మడవలేదు మీరు," అంది నర్సమ్మ.

"మీరు కనిపెట్టి పచ్చవి తిరిగి డబ్బాలో పడేశారు. సరే, మా వస్తువు ముట్టరన్నమాట, అనుకున్నాను. అయితే మీవి మీకే చార్జ్ చేసి ఇస్తే తప్పేముంది? అవి పగిలే రకమని నాకేం తెలుసు. బ్యాటరీ బ్యాటరీయే కదా అనుకున్నాను. మీరు డాబా మీదికి వెళ్ళగానే పెట్టి, ఎవరి కంటా పడకుండా గుడ్డ కప్పాను." ఆవిడ ముక్కు ఎగబీల్చింది. "ఇందులో నా స్వార్థం కూడా ఉంది లెండి. మీ రేడియో మోగుతుంటే నాకు నిద్ర పడుతోంది. మీరు వచ్చాకే నేను మాత్ర వేసుకోవడం మానేశాను."

ఎంత దుర్మార్గపు బుద్ధి తనది! ఒక్క మాట అనకుండా ఊరుకున్న మనిషిలో కుట్ర వెతికింది కానీ, జాలి ఉండొచ్చని ఒక్కనాడు కూడా తోచలేదు. వార్డులో ఒకరు చేసిన పాపాన్ని ఇన్నేళ్ళు మోసుకొచ్చి ఈ అమాయకురాలి నెత్తిన రుద్దింది. కళ్ళలోంచి నీళ్ళు జారి కుళాయి నీళ్ళలో కలిసిపోయాయి. తుడుచుకుందామంటే రెండు చేతులూ ఆవిడ చేతిని పట్టుకుని ఉన్నాయి.

"నన్ను క్షమించండి వదినగారూ. నోటికొచ్చినట్టు అన్నాను."

"నేనూ చాటుమాటు పనులు మానేస్తాను. ఎదురుగానే పోట్లాడతాను ఇకనుంచి."

కూతురు వచ్చి వెనక నుంచి తల్లి భుజం మీద తల ఆనించింది. "అబద్ధం చెప్పావన్నాను నిన్ను," అని మాత్రం అనగలిగింది. అల్లుడు దగ్గరికి వచ్చి, "అత్తయ్యగారూ, నేను కూడా వెనకా ముందూ చూడకుండా..." అంటుంటే నర్సమ్మ అడ్డుపడింది. "నువ్వు భయపడ్డావు బాబూ. భయపడాల్సిన పనే అది. ముందు వెళ్ళి ఆ చార్జర్‌ను గుడ్డల మధ్య నుంచి తీసెయ్యి."

చార్జర్ కాలలేదు కానీ అల్లుడు దాన్ని నమ్మలేదు. సాయంత్రానికి కొత్తది తెచ్చి, వంటింట్లో రాతి గట్టు మీద, చుట్టూ ఏమీ లేని చోట పెట్టాడు. ఆ రెండు ఎర్ర బ్యాటరీలనూ పాత డబ్బాలో వేసి, చెత్తలో కలపకుండా, పాడైనవి తీసుకునే దుకాణంలో విడిగా ఇచ్చి వచ్చాడు. తర్వాత తల్లినీ అత్తగారినీ పక్కపక్కన నిలబెట్టి, బండి నేర్పేటప్పుడు చెప్పినట్టే చెప్పాడు. పచ్చవి తప్ప ఇంకేవీ ఇందులో పెట్టకూడదు. కూడిక గుర్తు ఉన్న వైపు ఇటే రావాలి. ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడెక్కితే ప్లగ్గు పీకి తనను పిలవాలి. మీద గుడ్డ కప్పకూడదు. పెట్టి బయటికి పోకూడదు, అయిపోయాక తీసెయ్యాలి.

"దుమ్ము పడితే?" అంది వియ్యపురాలు.

"పడనీ అమ్మా."

పచ్చవి చార్జ్ అయ్యేదాకా ఇద్దరు పెద్దవాళ్ళూ వంటింట్లో చెరో కుర్చీ వేసుకుని, ఆపరేషను గది బయట బంధువుల్లా దాని ముందే కూర్చున్నారు. చార్జర్ దీపం రంగు మారగానే నర్సమ్మ వాటిని తీసి, కాస్త చల్లారనిచ్చి, రేడియోలో వేసి మూత కీచుమనిపించింది. పాట గదంతా నిండింది. పెట్టె ఎప్పుడో ఖాళీ అయి మంచం కిందికి వెళ్ళిపోయింది.

"వాటికి ప్లాస్టర్ చుట్టలేదేం?" అంది వియ్యపురాలు తన మంచం మీద కాళ్ళు చాపుకుంటూ.

"ఎక్కడుంది? ఉన్నదంతా మీకే అయిపోయింది."

వియ్యపురాలు మెత్తటి గుడ్డ పెట్టి తెల్ల ప్లాస్టర్ చుట్టిన తన రెండు వేళ్ళను దీపం వెలుగులో తిప్పి తిప్పి చూసుకుంది. కొసలు లోపలికి మడిచి ఉన్నాయి.

"అయితే నన్ను కూడా మీ సామానులో కలిపేసుకున్నారన్నమాట."

"కలుపుకున్నాను," అంది నర్సమ్మ. "కత్తెరలా కాళ్ళొచ్చి ఎటూ పోకండి మరి." మాట చివర గొంతు వణికింది. ఆ వణుకు ఆవిడకు వినపడకూడదని రేడియో కాస్త పెంచబోయి, మళ్ళీ మనసు మార్చుకుని అలాగే వదిలేసింది.